పాత బడి స్థలం శుభ్రం కావడానికి 32 నెలలు: ఒక రిజర్వేషన్‌లో నా అనుభవం

మట్టి తవ్వి లారీలకెత్తి పంపడానికి మాకు పట్టింది 19 రోజులు. ఆ మొదటి లారీ దాకా రావడానికి రెండేళ్ల అయిదు నెలలు పట్టింది. ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ చదివి ఇక్కడ అమెరికాలో కన్సల్టింగ్‌లో చేరుతున్న మన పిల్లలు, పెట్రోలు బంకులూ డ్రైక్లీనింగ్ షాపులూ చేసిన ధైర్యంతో ట్రైబల్ ప్రాజెక్టుకి వెళ్తే ఎక్కడ కాలు జారుతుందో ముందే తెలియాలని రాస్తున్నాను. మేం జారిన చోట్లే ఎక్కువ రాస్తాను.

చోటు దక్షిణ డకోటాలో, మిస్సోరీ నదికి పడమట. రిజర్వేషన్ అంటే ఇక్కడ కోటా కాదు, అమెరికా ఆదివాసీ తెగ భూమి. 120 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు ఉన్న రెండంతస్తుల చెక్క గోడల భవనం. ఒకప్పటి ఫెడరల్ బోర్డింగ్ స్కూలు, అంటే ఆదివాసీ పిల్లల్ని ఇళ్లకి దూరంగా ఉంచి చదివించిన కేంద్ర ప్రభుత్వ బడి. పక్కనే అరెకరంలో మూతపడ్డ బంకు. రెండింటినీ శుభ్రం చేసి పసిపిల్లల కేంద్రం కట్టాలని తెగ కౌన్సిల్ తీర్మానించింది. మా కంపెనీ తెగకు కన్సల్టెంటు.

మార్చి 2022: భూమి ఎవరిది?

ఫేజ్ వన్, అంటే స్థలం చరిత్రా రికార్డులూ వెతికి కాలుష్యం ఎక్కడుండొచ్చో రాసే తొలి నివేదిక, నెల రోజుల పని అనుకున్నాం. బంకు స్థలం ఫీ భూమి, అంటే మామూలు పట్టా భూమి. దాని కాగితాలు కౌంటీ ఆఫీసులో రెండు రోజుల్లో దొరికాయి. బడి స్థలం ట్రస్టు భూమి. మన ఏజెన్సీలో 1/70 ఉన్నచోట గిరిజనేతరులకు అమ్మకం చెల్లనట్టే ఇదీ బయటికి పోదు. అయితే ఇక్కడ టైటిల్ అమెరికా ప్రభుత్వం పేరునే ఉంటుంది, తెగ కోసం. ఆ రికార్డు కౌంటీలో వెతికితే ఏమీ దొరకదు. బ్యూరో ఆఫ్ ఇండియన్ అఫైర్స్ (బీఐఏ; ఇక్కడ ‘ఇండియన్’ అంటే ఆదివాసీ) కింద వేరే టైటిల్ రికార్డుల కార్యాలయం ఉంటుంది, అక్కడినుంచి ‘టైటిల్ స్టేటస్ రిపోర్ట్’ తెప్పించాలి. మాకు 11 వారాలకు వచ్చింది. ఆ కాగితం అడగడం మొదటి రోజే చేయాల్సిన పని. మేం ఇంటర్వ్యూలు, సైట్ విజిట్ అయ్యాక అడిగాం.

అది ఎందుకు తప్పో అక్టోబరులో అర్థమైంది. ఫేజ్ వన్‌కి ప్రమాణమైన ఏఎస్‌టీఎం ఈ1527 ప్రకారం ఇంటర్వ్యూలు, సైట్ విజిట్, లియెన్ (భూమి మీద బకాయి హక్కు) వెతుకులాట, ప్రభుత్వ రికార్డులు, ఎన్విరాన్‌మెంటల్ ప్రొఫెషనల్ సంతకం, ఈ అయిదూ కొనుగోలు తేదీకి 180 రోజుల లోపువి అయ్యుండాలి. ఫెడరల్ పర్యావరణ సంస్థ ఈపీఏ ఇచ్చే క్లీనప్ గ్రాంటుకి దరఖాస్తు పెట్టేనాటికి స్థలం దరఖాస్తుదారుడిదై ఉండాలి. గడువు నవంబరు. బంకు స్థలం తెగ కొని తీరాలి, మా సైట్ విజిటేమో ఏప్రిల్ 12 నాటిది. అమ్మేవాళ్లతో బేరం తెగి రిజిస్ట్రేషన్ అయ్యేసరికి నవంబరు 9. 180 దాటిపోయింది. మళ్లీ 140 మైళ్లు కారు నడిపి, మళ్లీ అవే ప్రశ్నలు అడిగి, 1,900 డాలర్లు అదనంగా ఖర్చు చేసి నివేదిక తాజా చేశాం. బిల్లు తెగకు పంపడానికి మొహం చెల్లక కంపెనీయే భరించింది.

రెండో ఆశ్చర్యం దారి. మెయిన్ రోడ్డు నుంచి బడికి వచ్చే పాత బాట ఒక వ్యక్తిగత అలాట్‌మెంటు మీదుగా ఉంది. 1887 డాజ్ చట్టంతో కుటుంబాలకు పంచిన భూములివి. వీలునామా లేకుండా తరాలు గడిచేసరికి ఒక్కో ముక్కకి పదుల కొద్దీ వారసులు. మాదానికి 61 మంది. లారీలు నడవాలంటే భూమిలో సగానికి మించిన వాటా ఉన్నవాళ్ల సమ్మతి కావాలి. వాళ్లలో కొందరు ఎక్కడున్నారో కూడా తెలియదు. ఏడు మైళ్లు చుట్టూ తిరిగి వెళ్లడమే చవకని తేల్చాం. అంచనాల్లో ఆ ఏడు మైళ్లు మొదట్లో లేవు.

పాత పటాల సంగతి. పట్టణాల్లో వాడే ఫైర్ ఇన్సూరెన్స్ పటాలు ఇక్కడికి లేవు, ఏరియల్ ఫోటోలు దశాబ్దానికొకటి. పనికొచ్చింది కాన్సస్ సిటీలోని నేషనల్ ఆర్కైవ్స్. డకోటాల బీఐఏ పాత ఫైళ్లు అక్కడున్నాయి. ఒక బాయిలర్ గది డ్రాయింగులో పడమటి గోడ కింద చమురు ట్యాంకు గీసి ఉంది. ఆ ట్యాంకు సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. నేలలో పూడుకుపోయిన దాని గొట్టం మూత ఆ తర్వాతే కనబడింది.

వేసవి 2022: తవ్వకముందు

బోర్డింగ్ స్కూలు అంటే సమాధుల ప్రశ్న తప్పదు. మే 2022లో ఈ స్కూళ్ల మీద ఇంటీరియర్ శాఖ (బీఐఏ దీని కిందిదే) మొదటి నివేదిక వచ్చింది: 408 స్కూళ్లు, సుమారు 53 శ్మశాన స్థలాలు. మా పని సగంలో ఉండగానే, జులై 2024లో రెండో సంపుటి వచ్చేసరికి అవి 417, 74 అయ్యాయి, చనిపోయిన పిల్లలు కనీసం 973 మంది. అలాంటి స్థలంలో డ్రిల్ బిట్ దించడమంటే చేతులు వణుకుతాయి. అతిశయోక్తి కాదు.

నేలలోకి తరంగాలు పంపి కింద ఏముందో చూసే గ్రౌండ్ పెనిట్రేటింగ్ రాడార్ పెడితే తేలిపోతుందనుకున్నాం. ఇక్కడి మట్టిని ‘గంబో’ అంటారు, పియర్ షేల్ రాయి చివికి ఏర్పడిన బంకమన్ను. మన నల్లరేగడి చూసినవాళ్లకి కొత్తేమీ కాదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చేయి పట్టేంత పగుళ్లు, వాన పడితే బూటు మట్టిలోనే ఉండిపోయి కాలు మాత్రం బయటికొస్తుంది. ఇలాంటి మట్టి విద్యుత్తును బాగా మోస్తుంది కాబట్టి రాడార్ తరంగాన్ని మింగేస్తుంది. 400 మెగాహెర్ట్‌జ్ యాంటెన్నాతో రెండడుగుల కింద తెరంతా బూడిదరంగే. రోజుకి 2,800 డాలర్లు, రెండు రోజులు, చూపించడానికి ఏమీ లేదు. మాగ్నెటోమీటరు పెడితే మేకులు, తీగలు, పాత మంచాల ఇనుము తప్ప తేలలేదు.

తేల్చింది మనుషులే. తెగ హిస్టారిక్ ప్రిజర్వేషన్ ఆఫీసు వాళ్లు ఆ బడిలో చదివిన అయిదుగురు పెద్దల్ని తీసుకొచ్చి మెల్లగా నడిపించారు. ఈశాన్య మూలన ఒక అవ్వ ఆగిపోయింది. మేం రాడార్ బొమ్మ చూపిస్తే, “మీ యంత్రానికి కనబడకపోతే లేనట్టా?” అంది. 60 అడుగులు, 40 అడుగుల ముక్కకి తాడు కట్టి, కొత్త కేంద్రం ప్లానునే పక్కకి జరిపాం. ఆ ముక్క హద్దులు మా నివేదికలో లేవు. ఇలాంటి చోట్ల అక్షాంశ రేఖాంశాలు బహిరంగ పత్రంలో పెట్టకూడదు. పటం విడిగా చేసి ఆ ఆఫీసుకే ఇచ్చి, మా సర్వర్‌లో కాపీ కూడా ఉంచలేదు. మా కంపెనీ వాళ్లకిది అర్థం చేయించడానికి మూడు ఫోన్‌కాల్స్ పట్టాయి.

చారిత్రక స్థలాల రక్షణ చట్టం సెక్షన్ 106 సంప్రదింపులకి 30 రోజులు, శాంపిళ్లు ఎలా తీసి పరీక్షిస్తామో చెప్పే క్వాలిటీ అష్యూరెన్స్ ప్రాజెక్ట్ ప్లాన్‌కి ఈపీఏ ఆమోదం రావడానికి తొమ్మిది వారాలు. ఆమోదం రాకముందు తీసిన శాంపిలుకి గ్రాంటు డబ్బు వాడకూడదు. కాబట్టి ఈ రెండూ ఒకేసారి నడపండి.

తవ్వేముందు నేలలోని గొట్టాలూ తీగలూ గుర్తించమని పిలిచే నంబరు 811కి ఫోన్ చేస్తే వచ్చి రంగులు పూసి వెళ్లారు. కానీ ఇక్కడి నీటి గొట్టాల్లో చాలావాటిని ఇండియన్ హెల్త్ సర్వీస్ వేసింది, తెగ నీటి విభాగం నడుపుతోంది. 811 వాళ్ల పటంలో అవి లేవు. ఆ విభాగంలో 30 ఏళ్లుగా పనిచేసే ఆయన వచ్చి కాలితో గీత గీసి, “ఇక్కడ రెండంగుళాల ప్లాస్టిక్ పైపుంది” అన్నాడు. మరునాడు చేత్తో తవ్వి చూస్తే గీతకి ఎనిమిదంగుళాల దూరంలో ఉంది.

సెప్టెంబరు 2022: శాంపిళ్లు

ట్రక్కు మీది డ్రిల్లింగ్ రిగ్ వద్దు. గొలుసు చక్రాల ట్రాక్ రిగ్ తెప్పించండి. అరంగుళం వాన పడితే రెండు రోజులు ఎవరూ లోపలికి పోలేరు, రిగ్ మాత్రం ఊరికే ఉండదు, స్టాండ్‌బై మీటరు తిరుగుతుంది. అయిదడుగుల లైనరు (మట్టి పట్టే ప్లాస్టిక్ గొట్టం)లో మట్టి ఉబ్బి బిగుసుకుపోతుంది, సరిగ్గా కోయకపోతే లోతు లెక్క తప్పుతుంది. బెంజీన్ లాంటివాటికి మట్టిని కోసిన నిమిషంలోపే అయిదు గ్రాముల ప్లంజరుతో తీసి మెథనాల్ సీసాలో వేయాలి. ఈ బంకమన్ను ప్లంజరులోకి ఎక్కదు, ఎక్కితే దిగదు. బయటున్న ప్రతి నిమిషం ఆవిరి పోతుంది. ఒకరు కోయడానికి, ఒకరు నింపడానికి, ఒకరు లేబుల్ రాయడానికి ముగ్గురుండాలి. ఇద్దరితో మొదటిరోజు అయిన శాంపిళ్లు తొమ్మిదే.

బంకు చుట్టూ వేసిన నాలుగు బావుల్లో నీళ్లు ఊరడానికి ఒక్కోదానికి మూడు రోజులు. మెల్లగా తోడుతూ శాంపిలు పట్టే లో-ఫ్లో పద్ధతి కుదరలేదు. ఎండేదాకా తోడి, ఊరాక 24 గంటల్లోపు పట్టాం. ఒక బావిలో బెంజీన్ లీటరుకి 38 మైక్రోగ్రాములు వచ్చింది, తాగునీటి హద్దు 5. మిగతా మూడింటిలో ఏమీ లేదు. పగుళ్లలో తప్ప ఈ మట్టిలో పెట్రోలు దూరం పోదు.

శాంపిళ్లు ల్యాబుకి పంపే ఐసు పెట్టెల్లో తడి ఐసు, అంటే మామూలు ఐసు గడ్డలు వేయండి. నీలం జెల్ ప్యాకెట్లు వద్దు. మా వాళ్లలో ఒకరు తేలికని నీలం ప్యాకెట్లు పెట్టారు. కొరియర్ ఆఫీసు 85 మైళ్లు, ఆఖరి పికప్ మధ్యాహ్నం 3:30. మరునాడు ల్యాబు తెరిచేసరికి 9.4 డిగ్రీలు, ఉండాల్సింది 6 లోపు. ఆరు శాంపిళ్లు మళ్లీ తీశాం, 1,100 డాలర్లు, ఒక రోజు.

భవనంలో ఆస్బెస్టాస్. మన ఊళ్లలో సిమెంటు రేకుల్లో ఉండేదే, ఇక్కడ ఆవిరి గొట్టాల మీది పూతలో, 9 అంగుళాల నేల పలకల కింది నల్ల జిగురులో, గోడ గిలాబులో. గిలాబు 5,000 చదరపు అడుగులు దాటితే కనీసం ఏడు శాంపిళ్లు. ఏడింటిలో ఒక్కదానిలో ఒక శాతం దాటింది, పై పూతలో. ఒక్కటి దాటితే ఒకే రకం గిలాబు మొత్తం ఆస్బెస్టాసే. ఖర్చు అంచనా ఒక్క ఈమెయిలుతో 52,000 డాలర్లు పెరిగింది. ఆ సాయంత్రం తెగ పర్యావరణ ఆఫీసరుకి ఫోన్ చేయడానికి నాకు గంటసేపు ధైర్యం చాలలేదు. ఆమె విని, “సరే, ఇంకేముంది?” అంది. ఇంకా ఉంది మరి: భవనం చుట్టూ మట్టిలో సీసం.

నవంబరు 2022 నుంచి అక్టోబరు 2023

దీన్ని తొందరగా దాటేస్తాను, ఎందుకంటే ఎక్కువ భాగం ఎదురుచూపే. ఫెడరల్ గ్రాంటు అడిగే సంస్థలకి ఏప్రిల్ 2022లో డన్స్ అనే గుర్తింపు నంబరు పోయి యూఈఐ వచ్చింది. ఫెడరల్ నిధులకి కావాల్సిన శామ్ రిజిస్ట్రేషన్‌లో తెగ పేరు ఒక రకంగా, పన్నుల రికార్డులో మరో రకంగా ఉంది, చివర ‘ట్రైబ్’ అన్న మాట తేడా. సరిచేయడానికి అయిదు వారాలు. క్లీనప్ మార్గాల విశ్లేషణ ముసాయిదా బయట పెట్టి, బహిరంగ సమావేశం జరిపి, కౌన్సిల్ తీర్మానం జత చేయాలి. కౌన్సిల్ నెలకోసారి కూర్చుంటుంది. ఎవరైనా చనిపోతే సమావేశం వాయిదా, అది అడగకూడని విషయం. గడువుకి ముందు కనీసం రెండు సమావేశాలు దొరికేలా చూసుకోండి. మే 2023లో తెగ దరఖాస్తు ఎంపికైంది: 5 లక్షల డాలర్లు. ఖర్చు పెట్టే ఒప్పందం మీద సంతకాలు అక్టోబరులో. 2021 మౌలిక వసతుల చట్టం పుణ్యమా అని తెగ తన వాటా 20 శాతం కట్టక్కర్లేకపోయింది.

సమావేశంలో ఒక ప్రశ్న మా విశ్లేషణలో లేనిది. బుట్టలల్లే ఒకావిడ, “మేం రెల్లుని పళ్లతో పట్టుకుని చీలుస్తాం, ఆ లెక్క కట్టారా?” అంది. కట్టలేదు. ఈపీఏ నివాస ప్రమాణాల్లో పిల్లవాడు మట్టి మింగే లెక్క ఉంటుంది, ఇది ఉండదు. వాగు పక్క నాలుగు చోట్ల రెల్లునీ మట్టినీ పరీక్షించాం. శుభ్రంగానే ఉంది. కానీ ముందే అడగాల్సింది మేం.

జనవరి 2024: అంకె మారింది

గోడ చుట్టూ సీసానికి 400 పీపీఎం (పది లక్షల్లో 400 వంతులు) హద్దుగా డిజైన్ అయిపోయింది. గోడనుంచి మూడడుగులు, అడుగు లోతు, 39 ఘనగజాలు. జనవరి 17న ఈపీఏ నివాస మట్టికి స్క్రీనింగ్ స్థాయిని (దాటితే ఇంకా పరిశీలించాల్సిన అంకె) 400 నుంచి 200కి దించింది, సీసం వేరే దారుల్లోనూ ఉన్నచోట 100కి. రాబోయేది పసిపిల్లల కేంద్రం, 400 దగ్గర ఆగుదామని ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. కానీ నేల ఏప్రిల్ దాకా గడ్డకట్టి ఉంటుంది, హద్దు ఎక్కడికి జరిగిందో శాంపిలు తీస్తే గానీ తెలియదు. టెండరు కాగితాలు అలాగే పెట్టుకుని మూడు నెలలు కూర్చున్నాం. ఏప్రిల్‌లో ఎక్స్‌ఆర్‌ఎఫ్ అనే ఎక్స్‌రే పరికరంతో, ల్యాబుతో చూస్తే 200 గీత పదడుగుల దగ్గర తేలింది. 39 కాస్తా 141 ఘనగజాలైంది. తవ్వితే పొంగే లెక్క కలిపి 12 గజాల లారీలు 15 ట్రిప్పులు, డంపు 90 మైళ్లు. అదనం 31,000 డాలర్లు, అత్యవసర నిధి దాదాపు ఊడ్చుకుపోయింది.

మొత్తం సీసం 100 పీపీఎం దాటితే మట్టిలోంచి సీసం ఎంత నీళ్లలోకి దిగుతుందో చూసే టీసీఎల్‌పీ పరీక్ష తప్పించుకోలేరు. అందులో మట్టికి ఇరవై రెట్ల ద్రవం పోస్తారు, ఇరవైతో భాగిస్తే 5 వస్తుంది కాబట్టి. నాలుగు వైపుల నాలుగు కాంపోజిట్లు, అంటే కలిపిన శాంపిళ్లు. దక్షిణం వైపుది లీటరుకి 6.8 మిల్లీగ్రాములు, హద్దు 5. ప్రమాదకర వ్యర్థమైతే పోవాల్సిన డంపు వేరే, ఖర్చు నాలుగింతలు. సీసాన్ని కదలకుండా పట్టేయడానికి పొలాల్లో వేసే ట్రిపుల్ సూపర్ ఫాస్ఫేటే తెప్పించి, బరువులో మూడు శాతం, తవ్వకముందే నేలలో కలిపి దున్నించాం. తవ్వి కుప్ప పోశాక కలిపితే అప్పటికే ప్రమాదకర వ్యర్థం పుట్టినట్టు లెక్క, అప్పుడు పేచీ వేరే. అందుకే ఈపీఏ ప్రాజెక్ట్ ఆఫీసరుతో ముందే రాతపూర్వకంగా మాట్లాడుకున్నాం. అయిదు రోజులకి మళ్లీ పరీక్షిస్తే 0.9.

వేసవి 2024: పని

ఆస్బెస్టాస్ తీతకి, కూల్చివేతకి పది పనిదినాల ముందు నోటీసివ్వాలి. సబ్‌కాంట్రాక్టరు అలవాటుగా రాష్ట్రానికి పంపాడు. ఇండియన్ కంట్రీలో, అంటే రిజర్వేషన్లలాంటి ఆదివాసీ ప్రాంతాల్లో, అది ఈపీఏ ప్రాంతీయ కార్యాలయానికి వెళ్లాలి. పది రోజుల లెక్క మళ్లీ మొదటినుంచి. ఇదే తికమక ట్యాంకుల్లోనూ ఉంది. బంకు ట్యాంకు ఈపీఏ నేరుగా చూసే భూగర్భ ట్యాంకుల నిబంధనల కిందికి వస్తుంది, స్థలం ఫీ భూమైనా సరే, రిజర్వేషన్ హద్దు లోపలిది కాబట్టి. బడి చమురు ట్యాంకు అక్కడే మండించుకోవడానికి పెట్టింది, ఆ నిబంధనలకి బయట. 70 అడుగుల దూరంలో రెండు ట్యాంకులు, రెండు రకాల కాగితాలు.

స్థానికులకి పని ఇవ్వాలని తెగ ఉపాధి హక్కుల ఆర్డినెన్సు చెబుతుంది, చెప్పకపోయినా ఇవ్వాలి. ఆస్బెస్టాస్ కార్మికుడికి నాలుగు రోజుల శిక్షణ, మట్టి పనికి 40 గంటల హాజ్‌వోపర్ (ప్రమాదకర వ్యర్థాల భద్రతా శిక్షణ), వైద్య పరీక్ష, మాస్కు ఫిట్ టెస్టు. శిక్షణ వేసవికి ముందే, మార్చిలోనే పెట్టించండి. మేం మేలో పెట్టాం, ఎనిమిదిమందిలో ముగ్గురు అప్పటికే మంటలార్పే ఉద్యోగాలకి వెళ్లిపోయారు. ఫెడరల్ డబ్బుతో చేసే నిర్మాణ పనులకి కనీస కూలి నిర్ణయించే డేవిస్-బేకన్ చట్టం కింది పేరోల్ ప్రతి వారం అందాలి.

కూల్చేముందు పెద్దలు సేజ్ ఆకు వెలిగించి పొగ పట్టాలన్నారు. మా సేఫ్టీ ప్లానులో ‘మంట నిషిద్ధం’ అని రాసుంది. నిషేధిత హద్దుకి 100 అడుగుల బయట, ఫైర్ ఎక్స్‌టింగ్విషరు పక్కన పెట్టుకుని, ప్లానుకి ఒక పేజీ సవరణతో ఆ పని జరిగింది. ఎక్స్‌కవేటర్ మొదటి దెబ్బ కొట్టాక ఒక పెద్దాయన కుర్చీ వేసుకుని సాయంత్రం దాకా అలా చూస్తూనే ఉన్నాడు. ఎవరూ మాట్లాడించలేదు.

ఆగస్టులో దక్షిణపు గోడ దగ్గర ఎముక. తవ్వకాన్ని గమనించే తెగ మానిటర్ చెయ్యెత్తింది, ఇంజన్లు ఆగాయి. మనిషి ఎముకే అయితే చట్టం ప్రకారం 30 రోజుల దాకా ఆగిపోవచ్చు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, ఫోటో కూడా తీయలేదు. మరునాడు మధ్యాహ్నం వాళ్ల నిపుణురాలు వచ్చి, రెండు చివరలా రంపం కోత గుర్తు చూపించింది: వంటగదినుంచి పారేసిన ఆవు ఎముక. ఆ రోజున్నర స్టాండ్‌బై 4,600 డాలర్లు. అంత సంతోషంగా కట్టిన బిల్లు నాకు మరొకటి గుర్తులేదు.

చివరి తలనొప్పి గుంత పూడ్చే మట్టి. తెచ్చిన శుభ్రమైన మట్టిలో ఆర్సెనిక్ 7.4 పీపీఎం, నివాస స్క్రీనింగ్ స్థాయి 0.68. ఇక్కడి నేల సహజంగానే అంత. చుట్టుపక్కల ముట్టని నేలనుంచి పది శాంపిళ్లు తీసి, అది సహజ స్థాయేనని చూపించాక గానీ ఒక్క గంప పడలేదు. ఈ పది ఫేజ్ టూ (శాంపిళ్ల దశ)లోనే తీసుకుని ఉంటే మూడు వారాలు మిగిలేవి.

నవంబరు 2024లో ముగింపు నివేదికకి ఆమోదం. బంకు అరెకరంలో బోరు వేయకూడదని కౌన్సిల్ తీర్మానం చేసింది. అది ఫీ భూమి కాబట్టి కౌంటీలో రిజిస్టరు చేయించాం, ట్రస్టులోకి మారాక టైటిల్ రికార్డుల్లో మళ్లీ ఎక్కించాలి. ఆ మార్పుకి తెగ దరఖాస్తు పెట్టింది. ఫెడరల్ ప్రభుత్వం భూమి తన పేరున తీసుకునే ముందు ఫేజ్ వన్ కావాలంటుంది, పాతది పనికిరాదు. వచ్చే వారం మళ్లీ వెళ్తున్నాం. టైటిల్ కాగితానికి ఈసారి నెల కిందే రాశాను.